ఠాణా గడప దగ్గరే వకీలు
(కె.జి. కన్నబిరాన్ స్మారకోపన్యాస పాఠం)

పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ గారి (1929-2010) స్మృతిలో మాట్లాడేవారు సాధారణంగా ఆయన వాదించిన పెద్ద కేసులను తలుచుకుంటారు. 1974లో మొదలై 1989లో నిందితుల విడుదలతో ముగిసిన సికింద్రాబాద్ కుట్ర కేసు, ఎమర్జెన్సీ నడుమ ముషీరాబాద్ జైలులో భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరి, ఎన్‌కౌంటర్ల మీద నడిచిన పోరాటాలు అన్నీ చరిత్రకెక్కినవే. ఆయన మాత్రం తన జ్ఞాపకాల పుస్తకానికి ‘24 గంటలు’ అని పేరు పెట్టారు. అరెస్టయిన మనిషిని 24 గంటలు దాటకుండా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం విధించిన గడువు అది. నేను ఈ రోజు నిలబెట్టదలచిన వాదన ఒక్కటే. నేరారోపణ ఎదుర్కొనే మనిషికి డిఫెన్స్ వకీలు అవసరం వాదనల రోజున, తీర్పు రోజున కన్నా ఈ మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. మన చట్టం ఈ సంగతి ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. మన ఇళ్లు, మన బార్ అసోసియేషన్లు, మన ఠాణాలు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. హైదరాబాదులో, ముఖ్యంగా పాతబస్తీలో, కావలసినంత ఉంది.

నయాపూల్ దాటగానే మూసీ దక్షిణపు ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనం. అక్కడికి కొద్ది దూరంలో పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు. చంచల్‌గూడలో సెంట్రల్ జైలు. నది దాటి కాస్త ముందుకు పోతే నాంపల్లిలో క్రిమినల్ కోర్టులు. రాష్ట్రంలో మరే బస్తీకీ న్యాయవ్యవస్థ ఇంత దగ్గరగా లేదు. అయినా శాలిబండలోనో యాకుత్‌పురాలోనో ఒక ఇంటి కుర్రాణ్ని పోలీసులు తీసుకెళ్తే ఆ ఇంటివాళ్ల కాళ్లు ముందు కోర్టు వైపు నడవవు. బస్తీ పెద్దమనిషి దగ్గరికి పోతారు, ఠాణాలో ఎవరైనా తెలిసినవాళ్లున్నారేమోనని వెతుకుతారు, ‘మాట్లాడి తెస్తా’ననేవాడి చేతిలో కొంత డబ్బు పెడతారు. వకీలు సంగతి గుర్తొచ్చేది కుర్రాడు రిమాండై చంచల్‌గూడ గేటు దాటాక. అప్పటికి కేసులో సగం రాయడం అయిపోయి ఉంటుంది. పేదరికం ఒక్కటే దీనికి కారణం కాదు. వకీలును పెట్టుకుంటే నేరం ఒప్పుకున్నట్టేనన్న భయం, పోలీసులకు కోపం వస్తుందన్న భయం, ఈ రెండూ డబ్బు లేకపోవడం కన్నా బలంగా పనిచేస్తాయి.

ఆ మొదటి గంటల్లో కాగితం మీద ఏం జరుగుతుందో చూద్దాం. ఎఫ్.ఐ.ఆర్. ఉంటుంది. అరెస్టు మెమో ఉండాలి, అందులో అరెస్టు చేసిన తేదీ, సమయం ఉండాలి, దాని మీద ఇంటివాళ్లో ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమాలివి. తర్వాత మన ఠాణాల్లో బాగా వాడుకలో ఉన్న కాగితం ‘కన్ఫెషన్ కమ్ రికవరీ పంచనామా’. నిందితుడు నేరం ఒప్పుకున్నాడని, ఫలానా చోటికి తీసుకెళ్లి ఫలానా వస్తువు చూపించాడని ఇద్దరు పంచుల ఎదుట రాస్తారు. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ ఆ మాటే చెబుతున్నాయి. కానీ వస్తువు దొరికిన మేరకు ఆ మాటలకు విలువ ఉంటుంది కనుక కేసు బలమంతా ఆ పంచనామా మీద వాలుతుంది. ఇక రిమాండ్ రిపోర్టు. సెలవు రోజునో రాత్రివేళనో అయితే మేజిస్ట్రేటు ఇంటి వరండాలో కానిస్టేబుళ్ల మధ్య నిందితుడు, చేతిలో ఫైలుతో ఎస్సై, లోపలి నుంచి రెండు ప్రశ్నలు: పోలీసులు కొట్టారా, వకీలున్నాడా? తిరిగి ఎవరి జీపులో ఎక్కాలో తెలిసిన మనిషి మొదటి ప్రశ్నకు ఏం జవాబు చెబుతాడో ఊహించడం కష్టం కాదు. రెండో ప్రశ్నకు ‘ఉన్నాడు’ అనే జవాబు వచ్చి, పక్కన నల్లకోటు మనిషి నిలబడి ఉంటే మొదటి జవాబు కూడా మారే అవకాశం ఉంటుంది. అరెస్టు సోమవారం చేసి గురువారం ‘చూపించిన’ కేసుల్లో ఆ మూడు రోజుల తేడాను రికార్డులోకి ఎక్కించగలిగేది ఆ ఒక్క క్షణంలోనే. తర్వాత ఏళ్లకు ఏళ్లు వాదించినా ఆ గంటలు తిరిగి రావు.

మన న్యాయశాస్త్రం ఈ విషయంలో ఎక్కడ మొదలైందో చూస్తే ఆ మొదలు కూడా హైదరాబాదే. పోలీసు చర్య తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలో పట్టుబడినవాళ్లను విచారించడానికి సైనిక ప్రభుత్వం స్పెషల్ ట్రిబ్యునళ్లను పెట్టింది. 1949లో ఆ ట్రిబ్యునళ్లు విధించిన ఉరిశిక్షల మీద కేసు సుప్రీంకోర్టుకు చేరింది. బ్రిటన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వంటి పేరున్న బారిస్టరు వచ్చి ఆ ఖైదీల తరఫున వాదించారు. తమకు వకీలును పెట్టుకునే అవకాశమే రాలేదన్నది వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి. 1951లో జనార్దన్ రెడ్డి కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆ అభ్యంతరాన్ని అంగీకరించలేదు. న్యాయవాది లేనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని, అయితే వకీలు లేక నిందితుడు విచారణే అన్యాయమయ్యేంతగా నష్టపోయాడని తేలితే పై కోర్టు జోక్యం చేసుకోవచ్చని చెప్పింది. చదువురాని రైతుకూలీలు కూడా ఉన్న కేసుల్లో, ప్రాణాలు పోయే విచారణలో, వకీలు ఉండటం ఒక సౌకర్యంగా మిగిలింది. అప్పటికే అమెరికా సుప్రీంకోర్టు 1932లో అలబామాలోని నల్లజాతి యువకుల కేసులో దీనికి విరుద్ధంగా తీర్పిచ్చి ఉంది. ఉరిశిక్ష పడగల కేసులో, తనను తాను కాపాడుకోలేని నిందితుడికి వకీలును ఇవ్వకపోతే ఆ విచారణ చెల్లదని అది తేల్చింది. మన రాజ్యాంగంలో నచ్చిన వకీలుతో సంప్రదించే హక్కు, ఆ వకీలు చేత తన పక్షం వినిపించుకునే హక్కు 1950 నుంచే అక్షరాలా ఉన్నాయి. లేనిది, ఆ హక్కు లేకుండా జరిగిన పని చెల్లదన్న పట్టుదల.

ఆ పట్టుదల మెల్లగా వచ్చింది. 1976లో 42వ సవరణ ఉచిత న్యాయ సహాయాన్ని 39-ఎ అధికరణంగా చేర్చింది. 1978లో నందినీ శతపథి కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ పోలీసుల ప్రశ్నల దగ్గరే వకీలు ఉండాలన్నారు. 1979లో హుసైనారా ఖాతూన్ కేసు బీహారు జైళ్లలో మగ్గుతున్న పేదలకు ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వాలని చెప్పింది. 1980లో, భాగల్‌పూర్‌లో కళ్లు పొడిచిన ఖైదీల కేసులో కోర్టు మరో మెట్టు ఎక్కింది. ఆ హక్కు విచారణ రోజున కాక మేజిస్ట్రేటు ముందు మొదటిసారి నిలబడ్డ రోజునే మొదలవుతుందని చెప్పింది. 1986లో సుక్ దాస్ కేసులో, నిందితుడు అడగకపోయినా ఆ హక్కు ఉందని అతనికి చెప్పకుండా విధించిన శిక్ష చెల్లదని తేల్చింది. 2012లో ముంబై దాడుల నిందితుడు కసబ్ కేసు తీర్పుతో నిందితుడికి ఈ హక్కు గురించి చెప్పడం మేజిస్ట్రేట్లందరికీ విధిగా మారింది. 2023 నుంచి వరుసగా వచ్చిన తీర్పులు అరెస్టు కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాలన్న దిశగా నడిచాయి. 2025 నవంబరులో మిహిర్ రాజేశ్ షా కేసులో సుప్రీంకోర్టు ఆ కారణాలు అరెస్టయిన మనిషికి తెలిసిన భాషలో, రిమాండుకు కనీసం రెండు గంటల ముందు చేతికి అందాలని చెప్పింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషికి తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసిన కాగితం చూపించి వేలిముద్ర తీసుకునే చోట ఈ తీర్పు విలువ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ గమనించాల్సింది దిశ. తీర్పు తర్వాత తీర్పుగా కోర్టు హాలు నుంచి రిమాండుకు, రిమాండు నుంచి ఠాణాకు హక్కు వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. ఎందుకంటే అన్యాయం ఎక్కడ మొదలవుతుందో ప్రతి కేసూ కోర్టుకు చూపిస్తూ వచ్చింది.

ఇక పాతబస్తీకి వద్దాం. 2007 మే 18 శుక్రవారం మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత బయట జరిగిన పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు చనిపోయారు. తర్వాతి నెలల్లో పాతబస్తీ యువకులను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. పేలుడు కేసులో కాక ఇతర కుట్ర కేసుల్లో వాళ్లను నిందితులుగా చేర్చారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున ఒక న్యాయవాది జైలుకు వెళ్లి వాళ్ల వాంగ్మూలాలు తీసుకుంటే లెక్కల్లో లేని నిర్బంధాల ఆరోపణలు, చిత్రహింసల ఆరోపణలు బయటికొచ్చాయి. కోర్టుల్లో ఆ కేసులు నిలవలేదు. తర్వాత ప్రభుత్వం వాళ్లకు పరిహారం ఇస్తే 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పేలుడు కేసు సి.బి.ఐ. చేతికి, తర్వాత ఎన్.ఐ.ఏ. చేతికి వెళ్లి వేరే నిందితుల వైపు తిరిగింది. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్నవాళ్లను కూడా నిర్దోషులుగా వదిలేసింది. విడుదలైన యువకులను ‘ఎలాగూ కోర్టు వదిలేసింది కదా’ అని ఓదార్చేవాళ్లున్నారు. కోర్టు వదిలేసింది నిజమే. కానీ కోర్టుకు చేరేలోపు పోయిన ఉద్యోగాలు, ఆగిన చదువులు, చెదిరిన సంబంధాలు ఏ తీర్పులోనూ తిరిగి రావు. మంచి వకీలు చివర్లో వాళ్లను విడిపించాడు. మొదటి రోజునే వకీలు ఎదుట ఉండి ఉంటే, అరెస్టు సమయం ఎవరో ఒకరు ఆనాడే రాసి ఉంటే, ఆ కేసుల్లో కొన్నయినా అంత దూరం వచ్చేవి కావని అనుకోవడానికి గట్టి ఆధారం ఉంది.

రెండో సాక్ష్యం నగరం అంచున, మనందరికీ గుర్తున్నదే. 2019 నవంబర్ 27న శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం తర్వాత నలుగురిని పట్టుకున్నారు. షాద్‌నగర్ బార్ అసోసియేషన్ వాళ్ల తరఫున ఎవరూ వాదించకూడదని తీర్మానించింది. ఠాణా బయట వేల మంది మూగి ఉండగా జడ్జి అందుబాటులో లేరని తహసీల్దారు వాళ్లను రిమాండు చేశారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురూ పోలీసు తూటాలకు చనిపోయారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదికలో రెండు సంగతులు తేల్చింది. కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిగాయన్నది ఒకటి. ఆ నలుగురిలో ముగ్గురు ఆనాటికి మైనర్లన్నది రెండోది. ఆ నివేదిక మీద చర్యల వివాదం తర్వాత హైకోర్టుకు చేరింది, దాన్ని కోర్టుకే వదిలేద్దాం. నాకు కావలసింది రెండో సంగతి. రిమాండు దగ్గర ఏ జూనియర్ వకీలైనా వేసే మొట్టమొదటి ప్రశ్న ‘వయసెంత?’. స్కూలు రికార్డు అడుగుతాడు, మైనరైతే జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపాలంటాడు, పోలీసు కస్టడీకి ఇవ్వొద్దంటాడు. ఆ ప్రశ్న అడగడానికి గొప్ప పాండిత్యం అవసరం లేదు. అడిగే మనిషి అక్కడ ఉంటే చాలు. అడిగే మనిషి ఉండకూడదని తీర్మానం చేసింది న్యాయవాదుల సంఘమే. 2010లోనే మొహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు అలాంటి తీర్మానాలు చెల్లవని, న్యాయవాద వృత్తి ధర్మానికి విరుద్ధమని తేల్చి చెప్పింది. అభియోగాల మీద తన సొంత అభిప్రాయం ఏమైనా నిందితుడి పక్షాన నిలబడాలని బార్ కౌన్సిల్ నియమాలు కూడా చెబుతున్నాయి.

మూడో సాక్ష్యం ఇంకా విలక్షణమైనది. వకీలు ఉండే హక్కును రాజ్యాంగమే తీసేసిన చోట ఏం జరుగుతుందో మనం కళ్లారా చూడవచ్చు. ముందస్తు నిర్బంధంలో ఉన్న మనిషికి వకీలుతో సంప్రదించే హక్కును 22వ అధికరణమే మినహాయించింది. నిర్బంధ ఉత్తర్వులను సమీక్షించే సలహా మండలి ముందు వకీలు ద్వారా వాదించుకునే హక్కు లేదని 1981లో ఎ.కె. రాయ్ కేసు తేల్చింది. తెలంగాణలో 1986 నాటి పీడీ చట్టం కింద ఏడాది దాకా లోపల ఉంచవచ్చు. ఈ చట్టాన్ని మామూలు మోసాల కేసులకు, బెయిలు వచ్చిన మనిషిని మళ్లీ లోపలే ఉంచడానికి వాడుతున్నారని సుప్రీంకోర్టు 2022లో మల్లాడ శ్రీరామ్ కేసులో మందలించింది. 2023లో హైదరాబాదు నుంచి వెళ్లిన అమీనా బేగం కేసులో మరింత కఠినంగా చెప్పింది. 2024లో నేనావత్ బుజ్జి కేసులో సలహా మండళ్లు ఉత్తర్వులకు ముద్ర వేసే యంత్రాలు కాకూడదంది. ఇదంతా వకీలు లేనందువల్లే జరిగిందని నేను అనను, కారణాలు ఇంకా ఉన్నాయి. కానీ ఎదుట ప్రశ్నించేవాడు లేడని తెలిసినప్పుడు రాసే ఉత్తర్వు ఎంత అజాగ్రత్తగా ఉంటుందో ఈ తీర్పుల వరస చూపిస్తుంది. వకీలు ఉంటే పోలీసులు కూడా మెరుగ్గా రాస్తారు. డిఫెన్స్ వకీలు వల్ల దర్యాప్తుకు జరిగే మేలు ఇది, దీన్ని మనం లెక్కలోకి తీసుకోం.

ఇక అభ్యంతరాలు. మొదటిది ఇళ్లలో వినపడేది: తప్పు చేయనివాడికి వకీలు ఎందుకు, నిజం చెబితే సరిపోదా? నిజం చెప్పడం ఒక పని, ఆ నిజం రికార్డులోకి ఎక్కడం మరో పని. ఠాణాలో చెప్పిన మాటను రాసేది చెప్పినవాడు కాదు. ‘ఆ రోజు నేను పెళ్లిలో ఉన్నాను’ అన్న నిజాన్ని ఆనాటి ఫోను వివరాలు, ఫంక్షన్ హాలు సీసీ కెమెరా రికార్డు చెరిగిపోకముందే భద్రపరచమని కోర్టును కోరడం వకీలు పని. ఆ పని మూడు నెలలయ్యాక మొదలుపెడితే కెమెరాలో ఏమీ మిగలదు. నిజానికి నేరం చేసినవాడికన్నా చేయనివాడికే వకీలు ముందు కావాలి. ఎందుకంటే చేయనివాడు తనకేమీ కాదనే ధీమాతో ఖాళీ కాగితం మీద కూడా సంతకం పెడతాడు.

రెండో అభ్యంతరం బరువైనది: బాధితుల మాటేమిటి? ఘోరం చేసినవాడి పక్కన నిలబడటం నైతికమా? బాధితుల పక్షాన రాజ్యం ఉంది, పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉన్నాడు, ప్రాసిక్యూషన్‌కు తోడుగా సొంత వకీలును పెట్టుకునే అవకాశమూ చట్టంలో ఉంది. కానీ నా జవాబు అది కాదు. తప్పు మనిషిని పట్టుకున్న ప్రతిసారీ మొదట నష్టపోయేది బాధితులే. మక్కా మసీదులో చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఇన్నేళ్లయినా కోర్టు దోషిగా తేల్చిన మనిషి ఒక్కరూ లేరు. ముంబై దాడుల కేసులో కసబ్‌కు శిక్ష పడిన అదే తీర్పులో మరో ఇద్దరు నిర్దోషులుగా బయటపడ్డారు, ఆ విడుదలను సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఆ ఇద్దరిలో ఒకరి తరఫున వాదించిన యువ న్యాయవాది షాహిద్ ఆజ్మీ 2010లో హత్యకు గురయ్యారు. ముంబైలోనూ వాదించకూడదని తీర్మానం చేసిన సంఘం ఉంది. ఆ తీర్మానం అమలై ఉంటే దోషి, నిర్దోషి ఒకే తాడుకు వేలాడేవారు. నేరానికి శిక్ష పడాలని గట్టిగా కోరుకునేవాడే దోషిని నిర్దోషి నుంచి వేరు చేసి చూపించే డిఫెన్స్‌ను కూడా కోరుకోవాలి.

మూడోది పోలీసుల అభ్యంతరం: వకీలు పక్కనుంటే దర్యాప్తు సాగదు. చట్టం ఇప్పటికే మధ్యేమార్గం చెప్పింది. ప్రశ్నించే సమయంలో వకీలును కలవవచ్చు, మొదటి నుంచి చివరి దాకా పక్కనే కూర్చోవలసిన పని లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 41-డి, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 38వ సెక్షన్ చెప్పేది ఇదే. ఒప్పుకోలు ఎలాగూ సాక్ష్యం కానప్పుడు వకీలు రాకవల్ల పోయేదేమిటి? పోయేది ఒప్పించే అవకాశం. దాని మీద ఆధారపడని దర్యాప్తు వేలిముద్రలు, కాల్ డేటా, కెమెరాలు, ప్రయోగశాలల మీద నిలబడుతుంది, కోర్టులో కూడా అదే నిలుస్తుంది. పాతబస్తీలో రాత్రిళ్లు అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను ఠాణాకు తెచ్చి, తల్లిదండ్రులను పిలిపించి, కౌన్సెలింగ్ ఇచ్చి పంపే ‘ఆపరేషన్ చబూత్రా’ వంటివి నేరాలు తగ్గిస్తాయని వాదించేవారున్నారు. నేరాలు తగ్గడం మంచిదే. కానీ అరెస్టు అనకుండానే మనిషిని ఠాణాలో కూర్చోబెట్టే అలవాటు పెరిగితే 24 గంటల గడువు ఎప్పుడు మొదలైందో చెప్పేవాడు ఉండడు.

నాలుగోది: ఉచిత న్యాయ సహాయం ఉంది కదా? ఉంది, మనం అనుకునే దానికన్నా విశాలంగానే ఉంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న ఏ మనిషికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచిత వకీలు దొరకాలి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు కూడా అంతే. హెల్ప్‌లైన్ నంబరు 15100. అరెస్టు, రిమాండు దశల్లోనే సహాయం అందాలని జాతీయ న్యాయసేవల సంస్థ 2019లో విధానం రాసుకుంది. 2022 నుంచి జీతం తీసుకుని పూర్తికాలం డిఫెన్సే చూసే వకీళ్ల వ్యవస్థను తెచ్చింది. ‘ఊరికే వచ్చే వకీలు ఊరికే పోతాడు’ అన్న అపనమ్మకానికి పాత అనుభవాల్లో కారణాలు లేకపోలేదు. విచారణ రోజున ఫైలు చేతికిచ్చి వాదించమన్న సందర్భాలు ఉన్నాయి కనుకనే 2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు కఠిన శిక్షల కేసుల్లో పదేళ్ల అనుభవం ఉన్న వకీలును నియమించాలని, సిద్ధమవడానికి కనీసం ఏడు రోజులు ఇవ్వాలని చెప్పింది. నా ఫిర్యాదు మరొకటి. సహాయం దస్తావేజుల్లో ఠాణాకు చేరింది, మనిషి రూపంలో చేరలేదు. రాత్రి పదకొండింటికి ఠాణా బయట కూర్చున్న తల్లికి ఆ నంబరు తెలియకపోతే చట్టం ఆమె వరకు రానట్టే.

ఐదో అభ్యంతరం వకీళ్ల మీదే: ఫీజులు, బ్రోకర్లు, వాయిదాల మీద వాయిదాలు. ఇందులో నిజం ఉంది. దీనికి జవాబు వకీలును మానుకోవడం కాదు, తెలిసి పెట్టుకోవడం. రోజూ క్రిమినల్ కోర్టుల్లో పనిచేసేవాళ్లను అడగాలి. భూమి కాగితాల్లో దిట్ట అయిన వకీలు రిమాండు రాత్రికి పనికిరాకపోవచ్చు. ‘బెయిలు గ్యారంటీ’ అన్నవాడి దగ్గరికి పోకూడదు, ఎందుకంటే ఉత్తర్వు జడ్జి చేతిలోది. రిమాండు, బెయిలు, ఛార్జిషీటు తర్వాతి విచారణ, దేనికి ఎంతో విడివిడిగా మాట్లాడుకుని రాసుకోవాలి. వకాల్తా మీద సంతకం పెట్టేముందు చదివించుకోవాలి. జైల్లో ఉన్న మనిషి వకాల్తా జైలు అధికారి ధ్రువీకరణతోనే వస్తుంది కనుక అది ఎవరి పేర వెళ్లిందో ఇంటివాళ్లకు తెలిసి ఉండాలి. ఎఫ్.ఐ.ఆర్., రిమాండ్ రిపోర్టు నకళ్లు ఇంట్లో కూడా ఉండాలి. 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే వచ్చే బెయిలు హక్కును ఆ రోజే దరఖాస్తు పెట్టి అడగాలి. ఆలోగా ఛార్జిషీటు పడితే ఆ హక్కు పోతుంది. కాబట్టి రోజులు లెక్కపెట్టని వకీలు ఎంత పేరున్నవాడైనా అక్కరకు రాడు. వకీలు తప్పు చేస్తే 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం కింద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

పాతబస్తీకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. బెయిలు ఉత్తర్వు వచ్చాక షూరిటీలు కావాలి. షూరిటీకి ఇంటి పన్ను రసీదో జీతం సర్టిఫికెటో అడుగుతారు. ఇక్కడ తరాలుగా చేతులు మారిన ఇళ్లు ఎన్నో నోటరీ కాగితాల మీదే ఉన్నాయి, రిజిస్ట్రేషన్ లేదు. ఇల్లు ఉంటుంది, కోర్టు ఒప్పుకునే కాగితం ఉండదు. ఆ ఖాళీలోకే కిరాయి షూరిటీలు, బ్రోకర్లు దూరతారు. 1978లో మోతీరామ్ కేసులో కృష్ణయ్యర్ గారు పేదవాడి దగ్గర అలవికాని జామీను అడగడం బెయిలు ఇవ్వకపోవడంతో సమానమన్న భావాన్ని స్పష్టం చేశారు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు, బెయిలు వచ్చి ఏడు రోజులైనా విడుదల కానివారి వివరాలు న్యాయసేవల సంస్థకు చేరాలని ఆదేశించింది. దేశం జైళ్లలో ఉన్నవాళ్లలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది ఇంకా విచారణ ఖైదీలే. సొంత పూచీ రాసిచ్చే ముచ్చలికా మీద వదలమని, షూరిటీ మొత్తం తగ్గించమని అడిగే వకీలు లేకపోతే బెయిలు ఉత్తర్వు ఫైలులోనే ఉండిపోతుంది, మనిషి చంచల్‌గూడలోనే ఉండిపోతాడు.

ఏం చేయాలి? పెద్ద సంస్కరణలు అక్కర్లేదు. బార్ అసోసియేషన్లు, న్యాయసేవల సంస్థలు కలిసి పాతబస్తీ ఠాణాలకు రాత్రి వకీళ్ల వంతు జాబితా పెట్టాలి, ఆ పేర్లూ 15100 నంబరూ ఉర్దూలో, తెలుగులో ఠాణా గేటు బయట ఉండాలి, లోపల కాదు. మేజిస్ట్రేట్లు ప్రతి రిమాండు ఉత్తర్వులో నిందితుడి తరఫున హాజరైన వకీలు పేరు రాయాలి, ఎవరూ లేకపోతే లేరని, ఎవరిని నియమించామో రాయాలి. ఆ ఒక్క వాక్యం రాయాల్సి వస్తే ఎన్నో ఖాళీలు వాటంతట అవే నిండుతాయి. ‘ఫలానా కేసు వాదించం’ అనే తీర్మానం ఏ సంఘంలో వచ్చినా దాన్ని వ్యతిరేకించడం వృత్తిలో ఉన్న పెద్దల బాధ్యత, ఎందుకంటే ఆ తీర్మానం కింద నలిగేది ఎప్పుడూ బలవంతుడి కేసు కాదు. ఇక పౌరులుగా మనం, ఇంట్లో ఎవరికైనా కష్టం వస్తే సిఫారసు కోసం వెతికే ముందు వకీలు కోసం వెతకాలి. సిఫారసు మనిషిని ఒక రాత్రికి ఇంటికి తేగలదు, అది కూడా సిఫారసు ఉన్నవాడి మనిషినే. వకీలు తెచ్చే ఉత్తర్వు రేపు సిఫారసు లేనివాడికి కూడా పనికొస్తుంది. కన్నబిరాన్ గారి తరం వాదించి తెచ్చిన తీర్పులన్నీ ఎవరో ఒక నిందితుడి పేరు మీదే వచ్చాయి, ఈ రోజు వాటి నీడలో బతుకుతున్నది మాత్రం ఏ కేసూ లేని మనమందరం.